గేటు దగ్గర ఆగిన బుట్టలు

నమోదు 1

రవాణా మండలి నన్ను అయిదో గట్టుకి పరిశీలకురాలిగా వేసింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. వైశాఖం చివరి రోజు సాయంత్రం సైరన్ మోగే వేళకి గట్టు మొదట్లో ఉన్న దీపం పచ్చగా ఉంటే ఖాయమవుతుంది. ఎర్రగా ఉంటే, వాళ్ళిచ్చిన నీలం కోటు తిరిగి ఇచ్చేసి అమ్మతో పాటు ఎండురొయ్యలు అమ్ముకోవాలి. అది చిన్నతనమని కాదు. కానీ మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. మా తాతలు పడవల మీదే పుట్టి పడవల మీదే పోయారు. పాత కాకినాడని సముద్రం తీసుకుని, కొత్త కాకినాడని గట్ల మీద కట్టాకే మా వాళ్ళు నేల మీద కాపురం పెట్టారు. కోటు వచ్చిన రోజు అమ్మ దాన్ని ఇంటింటికీ తీసుకెళ్ళి చూపించింది. వేసుకోవడానికి నాకు మర్నాటి దాకా దొరకలేదు.

దినచర్యలో చూసిందీ విన్నదీ రాయాలని, ఊహించింది రాయకూడదని శిక్షణలో చెప్పారు. రాస్తున్నాను.

మా గట్టు మీద ఒకటే సందు. ఒకవైపు ఇళ్ళు, ఇంకోవైపు కాలవ. వచ్చే దారి ఇదే. వెళ్ళాలంటే గట్టు చివర వంతెన ఎక్కి చుట్టు తిరిగి పోవాలి. సందు వెడల్పు ఒక బుట్టకి సరిపోతుంది. నడిపేవాళ్ళు లేకుండా తిరిగే ఈ బళ్ళకి మండలి ఏదో పెద్ద పేరు పెట్టింది. అది ఎవరికీ నోరు తిరగక జనం బుట్ట అంటున్నారు. ఒక బుట్ట ఆగిందంటే దాని వెనక వచ్చేవన్నీ ఆగాలి. అప్పుడు దీపం ఎర్రబడుతుంది.

పోయిన నెల ప్రతి గుమ్మం పైనా మండలి ఒక చెవి బిగించింది. చుట్టాలు వెళ్తామని అనగానే చెవి విని బుట్టని పిలుస్తుంది. వాళ్ళు మెట్లు దిగేసరికి బుట్ట గేటు దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఈ చెవిని తయారు చేసిన ఊళ్ళో దీనివల్ల సందులన్నీ ఖాళీ అయ్యాయట. మా గట్టుకి చెవులు వచ్చినప్పటి నుంచి దీపం ఎర్రగానే ఉంది.

వీడ్కోలు మాటలు తప్ప చెవి ఇంకేమీ వినదని మండలి చెప్పింది. ఎవరూ నమ్మలేదు. పక్కింటి బుల్లెమ్మ పిన్ని గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా అమ్మ స్టూలెక్కి చెవికి తువ్వాలు చుడుతుంది.

నమోదు 2

కారణం దొరికింది.

ఈరోజు బుల్లెమ్మ పిన్ని ఇంటికి పెద్దాపురం నుంచి వియ్యాలవారు వచ్చారు. నేను మా ప్రహరీ గోడ దగ్గర నిలబడి చూశాను. అది నా పని.

"మరింక బయల్దేరతామండి, బావగారూ," అన్నాడు వియ్యంకుడు. చెవి బుట్టని పిలిచింది. ఆయన మాత్రం కుర్చీలోంచి లేవలేదు. లేవాలన్న ఉద్దేశం కూడా ఆయన ముఖంలో కనపడలేదు.

"అదేంటండి, కాఫీ పెట్టేశాను," అంది పిన్ని.

బుట్ట వచ్చి ఆగింది. కాఫీ తాగాక వియ్యపురాలు "ఎల్లొత్తాం వదినా" అంది. చెవి రెండో బుట్టని పిలిచింది. పిన్ని బొట్టుపెట్టె కోసం లోపలికి వెళ్ళి, దాంతో పాటు జాకెట్టు గుడ్డ వెతకడం మొదలుపెట్టింది. గుమ్మంలో ఇంకోసారి వెళ్ళొస్తామన్నారు. మెట్ల మీద ఇంకోసారి. గేటు దగ్గర వియ్యంకుడు "ఉంటామండి మరి" అని గేటుకి ఆనుకుని నిలబడ్డాడు. అన్న ప్రతిసారీ చెవి నమ్మింది. పాపం, దానికి మన సంగతి తెలియదు.

బుట్టల వరస గట్టు మొదట్లో దీపం దాకా పోయింది. ఆఖరి బుట్టలో మా పళ్ళ డాక్టరు ఉన్నారు. ఆయన విసుక్కుంటూ దిగి, ఎవరు ఆపారో కనుక్కుందామని నడుచుకుంటూ వచ్చారు. పిన్ని ఆయనకి కూడా కాఫీ ఇచ్చింది.

వియ్యపురాలు ఒక కాలు బుట్టలో పెట్టి, అప్పుడు ఆగింది.

"అన్నట్టు వదినా, అసలు సంగతి సెప్పడం మర్సిపోయాను. మీ అమ్మాయికి నెల తప్పింది."

పిన్ని కళ్ళొత్తుకుంది. వియ్యపురాలు కూడా ఒత్తుకుంది. ఆ తరవాత వాళ్ళు ఎక్కి చక్కా వెళ్ళిపోయారు. ఖాళీ బుట్టలు ఒకదాని వెనక ఒకటి, ఎవరినీ ఎక్కించుకోకుండా కదిలి వెళ్ళాయి.

నమోదు 3

రెండో గట్టు మీది ఆఫీసుకి వెళ్ళి మా పై అధికారి గిరిజాశంకరం గారికి చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన చెవులు తయారయ్యే ఊళ్ళో చాలాకాలం పనిచేసి వచ్చారు.

"వెళ్తామన్నాక వెళ్ళకుండా ఏం చేస్తున్నారమ్మా?"

"మాట్లాడుతున్నారండి."

"అంతసేపు లోపల కూర్చుని ఏం చేసినట్టు?"

"అప్పుడూ మాట్లాడారండి. అది వేరు."

"వేరేమిటి?"

"లోపల ఎండల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించండి. గేటు దగ్గర వచ్చిన పని గురించి."

"వచ్చిన పని రాగానే చెప్పేస్తే పోలా?"

"ఆ పని కోసమే వచ్చారనుకుంటారు కదండీ."

"నేనైతే వెళ్తానంటే వెళ్తానే," అన్నారు. ఆ మాట కూడా రాసుకున్నాను.

జనానికి ఆశ చూపిస్తే అలవాటు అదే మారుతుందని ఆయన నమ్మకం. రేపటి నుంచి కొత్త పద్ధతి: వెళ్తామన్న నిమిషంలోపు బుట్ట ఎక్కినవాళ్ళ ఇంటికి ఒక చల్లగంట అదనం. వేసవిలో కూలర్లు తిప్పుకోవడానికి ఒక్కో ఇంటికీ ఇన్ని గంటలని కరెంటు ఇస్తారు. వాటినే చల్లగంటలంటారు. వైశాఖంలో మా గట్టు మీద మనిషి చల్లగంట కోసం ఏమైనా చేస్తాడు. నేను ఆ సంగతి ముందే ఆలోచించాల్సింది.

నమోదు 4

మొదటి రోజు బాగానే ఉంది. పళ్ళ డాక్టరు గారి అత్తగారు వెళ్తానని చెప్పి నిజంగానే వెళ్ళిపోయింది. వాళ్ళింట్లో అందరూ కంగారుపడి, ఆవిడకి కోపం వచ్చిందేమోనని వెనకాల మనిషిని పంపించారు.

రెండో రోజు అమ్మ కొంగు బిగించి, "సత్తేణీ, బుల్లెమ్మ ఇంటికి ఎల్లొత్తాను," అంది. పిన్ని ఇంట్లోకి వెళ్ళింది. గుమ్మంలో "ఎల్లొత్తానే బుల్లెమ్మా" అని గట్టిగా చెవికి వినపడేలా అని, బుట్ట రాగానే ఎక్కి కూర్చుంది. బుట్ట వంతెన ఎక్కి, గట్టంతా చుట్టి వచ్చి అమ్మని మా ఇంటి ముందు దింపింది. మా ఇంటికీ పిన్ని ఇంటికీ మధ్య ఒక గోడే అడ్డం.

మా ఇంటికి ఒక చల్లగంట వచ్చింది. తరవాత పిన్ని మా ఇంటికి వచ్చి, అలాగే వెళ్ళింది. వాళ్ళకీ వచ్చింది. మధ్యాహ్నానికి గట్టు మొత్తానికి తెలిసిపోయింది. పనులన్నీ మానుకుని అందరూ అందరిళ్ళకీ వెళ్ళి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. దీపం అంత ఎర్రగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మా, ఇది మోసం."

"మోసం ఏంటే? ఎల్తానన్నాను. ఎల్లాను. నిమిసం దాటలేదు. మీ మండలోళ్ళు ఏదడిగారో అదే సేశాను."

"అసలు పిన్ని ఇంటికి ఎందుకెళ్ళావు?"

"ఎల్లిపోడానికి."

కారణం అన్న చోట అదే రాశాను.

వారం తిరిగేసరికి మా ఇంట్లో కూలరు పగలంతా తిరుగుతోంది. చల్లగంటలు ఎక్కువ సంపాదించిన ఇళ్ళలో మొదటి పేరు మాదే, అంటే పరిశీలకురాలిదే. సందులో ఆడవాళ్ళందరూ కూరలు తెచ్చుకుని మా ఇంట్లోనే తరుగుతున్నారు. ఈ నమోదు నేను దుప్పటి కప్పుకుని రాస్తున్నాను. పేర్లన్నీ, మా పేరుతో సహా, మండలికి పంపించేశాను.

"మన పేరు పంపావా?" అని అడిగింది అమ్మ.

"పంపాను."

"పైన రాశావా, కింద రాశావా?"

"పైన."

అమ్మ కాస్త సంతోషించింది.

నమోదు 5

మండలి చల్లగంటల పద్ధతి ఎత్తేసింది. గిరిజాశంకరం గారు ఫోన్ చేసి, "మీ ఇంట్లో చలి తగ్గిందా అమ్మా?" అని అడిగారు. నెలాఖరు సాయంత్రం స్వయంగా వచ్చి దీపం చూస్తానన్నారు. ఉద్యోగం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

గట్టు మీద అందరికీ మండలి మీద కోపం వచ్చింది. ప్రతి ఇంట్లోనూ చెవికి తువ్వాలు చుట్టేశారు. మా సందులో అన్ని తువ్వాళ్ళు ఉన్నాయని నాకు తెలియదు. చుట్టాలు వెళ్తామంటే ఇప్పుడు బుట్ట రావడం లేదు. గేటు దాకా నడిచి, తీరిగ్గా మాట్లాడుకుని, అంతా అయ్యాక తువ్వాలు విప్పి చెవిలోకి "ఎల్లొత్తాం, ఎల్లొత్తాం" అని అరుస్తున్నారు. బుట్ట వస్తుంది, ఎక్కుతారు, పోతారు. ఆ సాయంత్రం దీపం మొదటిసారి నారింజ రంగుకి తిరిగింది.

నేను నా నమోదులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మా వాళ్ళ వీడ్కోలు తప్పు కాదు. చెవి తొందరపడుతోంది, అంతే. మరి మనిషి నిజంగా కదిలేది ఎప్పుడు? బొట్టు పెట్టాక కాదు. సంచి చేతికి ఇచ్చాక కూడా కాదు. నేను చూసిన ప్రతి గేటు దగ్గరా ఒకే మాట చివర వచ్చింది: అసలు సంగతి చెప్పడం మర్చిపోయాను. ఆ సంగతి చెప్పేశాక ఎవరూ నిలబడరు. ఇంతసేపూ దాని కోసమే కూర్చున్నట్టు బయటపడిపోయింది కదా, ఆ మొహమాటానికి వెంటనే ఎక్కేస్తారు.

చెవికి మా వైపు మాటలు నేర్పే అధికారం పరిశీలకురాలికి ఉంది. గిరిజాశంకరం గారిని అడిగాను. "వెళ్తామంటే పిలవకూడదు, మర్చిపోయానంటే పిలవాలి. అంతేనా?" అన్నారు.

"అంతేనండి."

"పదేళ్ళు చదువుకుని ఈ చెవిని తయారుచేసిన వాళ్ళతో పనిచేసి వచ్చానమ్మా నేను," అన్నారు. "సరే, కానీ."

నమోదు 6

ఆ మాట ఎవరన్నా చెవి పట్టుకోవాలంటే, ముందు ప్రతి ఇంటి ఇల్లాలి గొంతుతోనూ దానికి వినిపించాలి. తేలికే అనుకున్నాను.

"పిన్నీ, ఇక్కడ నిలబడి 'అసలు సంగతి చెప్పడం మర్చిపోయాను' అను."

"ఏ సంగతి?"

"ఏ సంగతీ లేదు. ఊరికే అను."

"సంగతి లేకుండా ఆ మాట ఎలా వత్తాదే? నోరు రాదు."

బుల్లెమ్మ పిన్ని ఒక్కతే కాదు. గట్టు మీద ఎవరికీ నోరు రాలేదు. చివరికి ఒక్కొక్కరూ నాకు ఒక అసలు సంగతి నిజంగానే చెప్పాల్సి వచ్చింది. రెండు రోజుల్లో ఈ గట్టు గురించి నాకు తెలియనిది లేకుండా పోయింది. పళ్ళ డాక్టరు గారి పళ్ళు ఆయనవి కావు. పోయిన ఏడాది పోయిందని మా అమ్మ అనుకున్న ఇత్తడి గిన్నె పోలేదు. మిగతావి రాయను. ఇవన్నీ విన్నవే, కానీ రాస్తే నేను ఈ సందులో ఉండలేను.

చెవులు నేర్చుకున్నాయి. తువ్వాళ్ళు విప్పేశారు. దీపం నారింజ రంగులోంచి పచ్చకి, పచ్చలోంచి నారింజకి మారుతోంది. నెలాఖరు ఎల్లుండే.

నమోదు 7

ఈరోజు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

గిరిజాశంకరం గారు సాయంత్రం వచ్చారు. దీపం పచ్చగా ఉంది. గుమ్మంలోంచి చూసి తలాడించారు. అమ్మ కాఫీ ఇచ్చింది. ఎండల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. ఆయనకి ఎడమ మోకాలు, అమ్మకి రెండూ. కాసేపటికి ఆయన "బయల్దేరతానమ్మా" అన్నారు. చెవి ఉలకలేదు.

"చూశారా సార్, పిలవలేదు," అన్నాను. ఆయన మెచ్చుకోలుగా నవ్వారు. ఇంకాసేపు కూర్చున్నారు కూడా.

గేటు దగ్గర అమ్మ ఆయన చేతిలో పొట్లం పెట్టింది.

"ఎండురొయ్యలండి. మొన్న ఆరినయ్యే."

"మేము తినమమ్మా."

"తినకపోతే ఏమైందండి, తీసుకెళ్ళండి. తినేవోళ్ళకి ఇద్దురుగాని."

"వద్దమ్మా, ఇంట్లో వాసనకి..."

"మరైతే మావిడికాయలు తెత్తాను, ఉండండి."

అమ్మ మామిడికాయల సంచి తెచ్చింది. నేను దీపం వైపు చూస్తూ నిలబడ్డాను. సైరన్‌కి ఎంతో టైము లేదు. ఆయన సంచి అందుకుని, గొంతు సవరించుకుని, "అన్నట్టు, అసలు సంగతి చెప్పడం మర్చిపోయాను," అన్నారు.

చెవి బుట్టని పిలిచింది.

"అయ్యో, నేనూ అసలు సంగతి సెప్పలేదండి," అంది అమ్మ.

చెవి ఇంకో బుట్టని పిలిచింది.

"ముందు మీరు చెప్పండమ్మా."

"అబ్బే, పెద్దోరు, ముందు మీరు సెప్పండి."

"ఆడవాళ్ళు, ముందు మీరే."

అంతలో పక్క గేటులోంచి బుల్లెమ్మ పిన్ని తల పెట్టి, "ఆఫీసరుగారూ, ఎల్లిపోతున్నారేంటి, నేను అసలు సంగతి సెప్పనేలేదు," అంది. మూడో బుట్ట బయల్దేరింది. ఇద్దరు మర్యాదస్తులు ఒకేసారి అసలు సంగతికి వస్తే ఏమవుతుందో నేను లెక్క వేసుకోలేదు.

మొదటి బుట్ట వచ్చి గేటు దగ్గర ఆగింది. వెనక రెండోది, దాని వెనక మూడోది. వాటి వెనక కూరల బుట్ట. దీపం నారింజకి తిరిగింది.

"మీరు చెప్పకుండా నేను చెప్పనమ్మా."

"మీరు సెప్పకుండా నేనెలా సెప్తానండి బాబూ."

నారింజ ముదిరి ఎరుపు అంచు కనపడింది. మా తాతలు కనపడ్డారు. పడవలు కనపడ్డాయి. నేను గేటు తీసి, గిరిజాశంకరం గారి మోచెయ్యి పట్టుకున్నాను.

"సార్, ఎక్కండి."

"ఒక్క మాట చెప్పి..."

"వద్దండి. వెళ్ళిపోండి."

ఆయన్ని బుట్టలోకి ఎక్కించి, మామిడికాయల సంచి ఒళ్ళో పెట్టి, తలుపు వేసేశాను. బుట్ట కదిలింది. వెనకవి కదిలాయి. అద్దంలోంచి ఆయన నోరు ఇంకా ఏదో అంటూనే ఉంది. వరస వంతెన ఎక్కుతుండగా దీపం పచ్చగా మారింది. సైరన్ మోగింది.

బుల్లెమ్మ పిన్ని మెట్టు మీద కూలబడింది. ఇంటికొచ్చిన మనిషిని వెళ్ళిపొమ్మనడం ఆవిడ పుట్టాక చూడలేదట.

"ఏం పని సేశావే," అంది అమ్మ నెమ్మదిగా. "ఆయన్ని నీ ఉద్యోగం సంగతి అడుగుదామనే కదే నేను నోరు తెరిసింది."

"దీపం పచ్చగా ఉందిగా అమ్మా."

"దీపానిదేముందే. మడిసి ఏమనుకుని ఎల్లాడో."

అప్పుడు గుర్తొచ్చింది. ఆయన అసలు సంగతి ఆయన దగ్గరే ఉండిపోయింది.

నమోదు 8

మండలి నుంచి ఏ కబురూ రాలేదు. మధ్యాహ్నం దాకా ఎదురుచూశాను. అమ్మకి ఓపిక పోయింది.

"పద. ఆళ్ళింటికెళ్ళి మర్యాదగా కూర్సుని, మర్యాదగా వద్దాం. అప్పుడు సమానమైపోద్ది."

గిరిజాశంకరం గారి ఇల్లు రెండో గట్టు మీద. ఆయన మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. వాళ్ళావిడ కామాక్షి గారు మంచినీళ్ళిచ్చారు, కాఫీ ఇచ్చారు, మామిడికాయలు తీయగా ఉన్నాయన్నారు. ఎండలు. మోకాళ్ళు. నేను కప్పు పట్టుకుని ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను. ఏమీ తెలియలేదు. ఉద్యోగం ఉందో పోయిందో చెప్పడానికి ఆయనకి బోలెడంత అవకాశం ఉంది. చెప్పలేదు. ఆయన ఎంత దూరంలో పనిచేసొచ్చినా ఇక్కడి మనిషే. గేటు దగ్గరికి వెళ్ళేదాకా చెప్పరు.

కప్పు కింద పెట్టి లేచాను. "ఇక బయల్దేరతామండి."

ఈ గట్టు మీద చెవులకి నేనేమీ నేర్పలేదు. బయట బుట్ట వచ్చి ఆగిన చప్పుడు వినపడింది.

"కూర్చో అమ్మా, అప్పుడేనా," అన్నారు కామాక్షి గారు.

కూర్చున్నాను. కాసేపాగి మళ్ళీ లేచాను. ఇంకో బుట్ట. బొట్టు పెట్టించుకున్నాం. గుమ్మంలో నిలబడ్డాం. మెట్ల మీద అమ్మ తన ఎడమ మోకాలి గురించి ఇంకొంచెం చెప్పింది. గేటు దగ్గరికి వచ్చాం. ఆయన గేటు పట్టుకుని నిలబడ్డారు. నేను ఒక కాలు బుట్టలో పెట్టాను.

"అన్నట్టు సత్యవేణీ," అన్నారు ఆయన. "అసలు సంగతి చెప్పడం మర్చిపోయాను. నిన్ననే చెబుదామనుకున్నాను, నువ్వు చెప్పనిస్తేగా. నీ ఉద్యోగం ఖాయమైంది."

అమ్మ గేటు పట్టుకుంది. "ఇంకోసారి సెప్పండి బాబూ."

"ఖాయమైందమ్మా. ఇంకో మాట. అయిదో గట్టుతో పాటు ఈ గట్టు కూడా ఇవాళ్టి నుంచి నీదే. ఇక్కడ దీపం ఎప్పుడూ ఎరుపే. ఎందుకో నాకు అర్థం కావడం లేదు."

వెనక ఆగిన బుట్టల్లో ఒకదాన్లోంచి ఎవరో మెడ బయటపెట్టి చూశారు. సందులో ఆఖరి బుట్ట ఎక్కడుందో నాకు కనపడటం లేదు. అమ్మ కామాక్షి గారి చెయ్యి పట్టుకుని నా చిన్నప్పటి సంగతి ఏదో మొదలుపెట్టింది. నేను బుట్టలోంచి కాలు తీసి కింద పెట్టి, జీతం ఎప్పటి నుంచో, ఈ గట్టు చెవులు ఎప్పుడు అప్పగిస్తారో, వాళ్ళింట్లో చెవికి ముందు ఎవరి గొంతు నేర్పాలో అడిగాను. ఆయన తీరిగ్గా ఒక్కొక్కటే చెప్పారు.

రెండో గట్టు, నమోదు 1

సాయంత్రం వేళ సందు పూర్తిగా ఆగిపోయింది. ఆగింది గిరిజాశంకరం గారి గేటు దగ్గర. కారణం: పరిశీలకురాలు ఇంకా మాట్లాడుతోంది.